యుద్ధనౌకకు మిగిలిన తొంబది సెకన్లు

సముద్రమునకు బహుదూరమున నున్న కల్వకుర్తిలో యుద్ధనౌకల ప్రసక్తి ఏలయని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. ఆ నౌకలను గగనతలపు దాడి నుండి కాపాడు మన క్షిపణులకు పుట్టినిల్లు హైదరాబాదులోని కంచన్‌బాగు. అది మనకు కొద్ది గంటల బస్సు ప్రయాణము.

1967 అక్టోబరు 21న ఈజిప్టు చిరునౌకలు ప్రయోగించిన సోవియట్ 'స్టిక్స్' క్షిపణులు ఇజ్రాయెల్ విధ్వంసక నౌక 'ఐలాత్'ను ముంచివేసినవి. ఫిరంగుల లెక్కతో బలాబలములు తేల్చుకొను నౌకాదళములన్నియు ఉలికిపడినవి. 1971 డిసెంబరు 4 రాత్రి మన చిరునౌకలు అదే జాతి క్షిపణులతో కరాచీ తీరమున 'ఖైబర్'ను ముంచినవి. 1982 మే 4న అర్జెంటీనా విమానము వదలిన 'ఎక్సోసెట్' తగిలి బ్రిటిష్ నౌక 'షెఫీల్డ్'లో 20 మంది మరణించిరి.

ఎక్సోసెట్ వంటిది అలలపై కొద్ది మీటర్ల ఎత్తున వచ్చును. భూమి గుండ్రముగా నుండుటచే దిగంతమునకు ఆవల నున్న దానిని రాడారు చూడజాలదు. రాడారు 20 మీటర్ల ఎత్తున, క్షిపణి 5 మీటర్ల ఎత్తున ఉన్నవనుకొందము. పైథాగరస్ సిద్ధాంతముతో గణించినచో చూపు అందు దూరము సుమారు 24 కిలోమీటర్లు. వాతావరణములో రాడారు కిరణము కొంత వంగును గనుక అది 28 వరకు పోవును. (గణిత విద్యార్థులు కాగితముపై వేసి చూడుడు.) సెకనుకు 300 మీటర్ల వేగమున వచ్చు క్షిపణికి ఆ దూరము తొంబది సెకన్ల పని. గుర్తించుట, శత్రువని తేల్చుకొనుట, ఎదురు క్షిపణిని వదలుట అన్నియు ఆ లోపుననే జరుగవలెను.

1983లో అబ్దుల్ కలాం సారథ్యమున ఆరంభమైన సమగ్ర క్షిపణి కార్యక్రమములోని ఐదింటిలో 'త్రిశూల్' ఇందుకు ఉద్దేశింపబడినది. దాని పరిధి 9 కిలోమీటర్లు. లక్ష్యమును, క్షిపణిని రెండింటిని నేలపైని లేదా నౌకపైని రాడారే కనిపెట్టి రేడియో ద్వారా ఆజ్ఞలు పంపవలెను. చిక్కంతయు ఇచ్చటనే. నీటిపై పడిన కిరణము అద్దమునందువలె పరావర్తనము చెంది, లక్ష్యమునకు ఒక దొంగ ప్రతిబింబమును కల్పించును. అల పైనున్నది ఏదో, అడుగున కనబడునది ఏదో తేల్చుట కష్టము. ఏండ్లు గడచినవి, పరీక్షలు సాగినవి. నౌకలు మాత్రము కవచము లేకయే తిరుగవలసి వచ్చినది. తుదకు ఇజ్రాయెల్ 'బరాక్'ను కొనవలసి వచ్చెను. 2008లో త్రిశూల్ అధ్యాయము ముగిసినది. దానిని కేవలము వైఫల్యమనుట నాకు సమ్మతము కాదు; అయితే నౌకాదళము ఆగలేకపోయినదనుటయు అసత్యము కాదు.

తరువాత హైదరాబాదు శాస్త్రజ్ఞులు వేరు త్రోవ పట్టిరి. విమానముల నుండి ప్రయోగించు 'అస్త్ర' క్షిపణి ఆధారముగా, నౌకపై నిలువుగా పైకెగయు క్షిపణిని రూపొందించిరి. నిలువుగా లేచి కావలసిన దిక్కునకు తిరుగును గనుక, ప్రయోగ యంత్రమును లక్ష్యము వైపునకు త్రిప్పు కాలము మిగులును. చివరి ఘట్టమున తన ముక్కులోని రాడారుతో తానే లక్ష్యమును వెదకుకొనును. 2021 ఫిబ్రవరి 22న చాందీపూర్‌లో రెండు ప్రయోగములు జరిగినవి. 2022 జూన్ 24న చాందీపూర్ తీరమున నౌకాదళపు ఓడ మీదినుండియే దానిని వదలి, విమానమును అనుకరించుచు అతివేగముగా ఎగురు లక్ష్యమును కొట్టిరి.