పులి చారలు – ఫోటో ఫైళ్ళు

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూర్ అనే ఊరు వస్తుంది. నాగర్‌కర్నూల్ జిల్లాలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి అది వాకిలి వంటిది. పులులను లెక్కించే రోజుల్లో ఆ అడవిలో చెట్లకు కెమెరాలు కడతారు. వెచ్చని ఒళ్ళుగల జంతువు ఎదుట కదిలితే చాలు, కెమెరా దానంతట అదే ఫోటో తీస్తుంది.

ఏ రెండు పులుల చారలూ ఒకే విధంగా ఉండవు. మన వేలిముద్రల వంటివే అవీ. వాటిని పోల్చి చూసి ఏ పులి ఏదో గుర్తుపడతారు. ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు. అందుకే కెమెరాలను రెండేసి చొప్పున ఎదురెదురుగా కడతారు. 2018 నాటి దేశవ్యాప్త గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651 మాత్రమే!

ఇటువంటి ఫోటో ఒకటి మీ ఇంటి కంప్యూటరులో ఉందనుకోండి. దాని ఫైలు రూపం మార్చవలసి వచ్చింది. చారలు చెడకుండా మార్చగలరా?

ముందు ఒక లెక్క చేద్దాం. ఫోటో అంటే కంప్యూటరుకు రంగు చుక్కల పట్టిక. అడ్డంగా 4,000, నిలువుగా 3,000 చుక్కలుంటే మొత్తం 1 కోటీ 20 లక్షల చుక్కలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పడానికి ఒక్కో చుక్కకు 3 బైట్లు కావాలి. అంటే 3 కోట్ల 60 లక్షల బైట్లు! బీఎంపీ రూపంలో సాధారణంగా ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాసి ఉంటాయి. అందుకే ఆ ఫైలు అంత పెద్దది.

దీన్ని చిన్నది చేయడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది దుప్పటిని మడత పెట్టడం వంటిది. "నీలం, నీలం, నీలం..." అని వందసార్లు రాసే బదులు "నీలం, 100 సార్లు" అంటే సరిపోదూ? మళ్ళీ వచ్చినదాన్ని మళ్ళీ రాయకుండా క్లుప్తంగా చెప్పడమే 1996లో వచ్చిన పీఎన్‌జీ రూపంలోని కిటుకు. మడత విప్పితే ఒక్క చుక్క కూడా పోదు.

రెండవది వడ్లు దంచడం వంటిది. బియ్యం తక్కువ చోటులో ఇముడుతుంది. కాని దాన్ని మళ్ళీ వడ్లు చేయలేం! జేపెగ్ ఇటువంటిదే. ఇది బొమ్మను 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు గల గళ్ళుగా విడదీస్తుంది. ప్రతి గడిలో రంగు ఎంత నెమ్మదిగా, ఎంత త్వరగా మారుతోందో లెక్క కడుతుంది. మన కన్ను అంతగా పట్టించుకోని సన్నని మార్పులను సవరించి, కొన్నిటిని వదిలేస్తుంది. ఈ లెక్కకు ఆధారమైన గణిత పద్ధతిని 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు అనే ముగ్గురు ప్రకటించారు. వీరిలో రామమోహనరావు మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివినవారు.

కొంచెం వదిలితే మనకు తేడా తెలియదు. కాని నాణ్యత బాగా తగ్గించి దాచితే ముందు చెడేవి సన్నని గీతలూ, పదునైన అంచులే. పులి చారలు అవే కదా!

మీరే పరీక్షించి చూడండి. చారల తువ్వాలును ఫోటో తీయండి. ఉచితంగా దొరికే జింప్ వంటి ప్రోగ్రాములో తెరిచి, జేపెగ్‌గానే నాణ్యత 90తో ఒకసారి, 10తో ఒకసారి వేరు వేరు పేర్లతో దాచండి. రెండింటినీ పెద్దవి చేసి చూడండి. రెండవదానిలో గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని పీఎన్‌జీగా మార్చండి. ఫైలు పెద్దదవుతుంది గాని, పోయిన చార తిరిగి రాదు.

ఫైలు పేరు చివర "జేపీజీ" తీసి "పీఎన్‌జీ" అని రాస్తే రూపం మారిపోతుందనుకోకండి. కిరసనాయిలు సీసాకు మంచినూనె చీటీ అంటించినట్టే అది! ప్రోగ్రాములో తెరిచి, కొత్త రూపంలో దాచితేనే నిజమైన మార్పు.

మరో సంగతి. కెమెరా తీసిన జేపెగ్ ఫైలులో ఫోటోతో పాటు తేదీ, సమయం కూడా దాగి ఉంటాయి. బీఎంపీగా మారిస్తే అవి పోతాయి. పులి ఏ రాత్రి అటు నడిచిందో చెప్పే సాక్ష్యం పోయినట్టే కదా!

కాబట్టి ఫోటోను కత్తిరించాలన్నా, రూపం మార్చాలన్నా ముందు నకలు తీసి, నకలు మీదే పని చేయండి. అసలును ముట్టుకోకండి. అది పులి ఫోటో అయినా సరే, మీ తాతయ్య ఫోటో అయినా సరే.