చొంగ తుడిచి చూడండి, పుచ్చు బయటపడుతుంది!

మీ పాపాయి నవ్వితే ముందుగా కనిపించేవి ఆ నాలుగు పైపళ్లే కదూ! సీసాపాలు తాగే పిల్లల్లో పుచ్చు ఎక్కువగా మొదలయ్యేదీ వాటితోనే. "పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి" అని ఇంట్లో పెద్దవాళ్లు తేలిగ్గా తీసేస్తారు గానీ, వెనక దవడపళ్లు 10, 12 ఏళ్ల దాకా ఉండాల్సినవి. పిప్పిపన్ను సలుపుతుంటే పిల్ల అన్నమెలా తింటుంది?

పుచ్చు నల్లమచ్చతో మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. కాదండీ. ముందు చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార వస్తుంది. పన్ను చొంగతో తడిసి ఉన్నంతసేపూ అది సరిగ్గా కంటబడదు. అందుకని నెలకోసారి పాపాయిని వెలుతురులో ఒళ్లో పడుకోబెట్టుకుని, పైపెదవి ఎత్తి, శుభ్రమైన పాత నూలుగుడ్డతో పంటి మీది తడి అద్ది చూడండి. ఏడుస్తుందంటారా? ఏడిస్తే నోరు తెరుస్తుంది, మనకు కావలసిందీ అదే! చార కనిపిస్తే కంగారుపడకుండా దంతవైద్యుడికి చూపించండి. గుంట పడకముందైతే ఫ్లోరైడ్ పూతతో పన్ను మళ్లీ గట్టిపడే అవకాశం ఉంది.

అలాగని చొంగ పంటికి శత్రువేం కాదు. తీపి తగలగానే నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లం తయారుచేస్తాయి. లాలాజలం దాన్ని అరగంట, గంటలో విరిచేసి, పన్ను పోగొట్టుకున్న కాల్షియాన్ని తిరిగి అందిస్తుంది. నిద్రలో మాత్రం లాలాజలం బాగా తక్కువగా ఊరుతుంది. నోట్లో పాలసీసా పెట్టి నిద్రపుచ్చితే ఆ పాలు పైపళ్ల చుట్టూ నిలిచిపోతాయి. కింది ముందుపళ్లను నాలుక కప్పి ఉంచుతుంది, దానికింద ఊరే లాలాజలం కడుగుతుంది. పైవి పుచ్చి, కిందివి బాగున్నాయంటే అనుమానించాల్సింది సీసానే.

ఉమ్మి పరీక్ష కూడా ఉంది. పుచ్చుకు ముఖ్య కారణమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవి నోట్లో ఎంత ఉందో అది చెబుతుంది. ఎంత ముప్పుందో తెలుస్తుందే తప్ప ఏ పన్ను పుచ్చిందో తెలియదు. దానికి మళ్లీ కళ్లతో చూడాల్సిందే.

ఆ సూక్ష్మజీవి బిడ్డ నోట్లోకి ఎలా చేరుతుందంటారా? చాలావరకు అమ్మ ఉమ్మి నుంచే! వేడి చూద్దామని గుజ్జన్నం మన నోట్లో పెట్టుకుని, అదే చెంచాతో బిడ్డకు పెడతాం. ఇకమీదట వేడి మణికట్టు మీద చూసుకోండి. రోజుకి రెండుపూటలా బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో బిడ్డ పళ్లు తోమండి. మొదటి పుట్టినరోజు లోపు దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్న మీ పిప్పిపన్ను కూడా అదేరోజు చూపించుకోండి!