మత్తు లేని కొలనోస్కోపీ: స్త్రీల నొప్పి తగ్గించే ఉపాయాలు

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మన సామెత. ఇంటి గుట్టు గురించి పుట్టిన ఈ మాటను మన స్త్రీలు ఒంటి గుట్టుకు కూడా వర్తింపజేసుకున్నారు. మలంలో రక్తం కనబడితే వేడి చేసిందని మజ్జిగ తాగడం, మొలలై ఉంటాయని సరిపెట్టుకోవడం, నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా గడిపివేయడం మన ఇళ్ళలో కొత్త కాదు. చాలాసార్లు అవి మొలలే కావచ్చు. కాకపోతే మాత్రం ఆ మౌనానికి చెల్లించవలసిన మూల్యం చాలా పెద్దది.

2020వ సంవత్సరంలో ప్రపంచమంతటా 19 లక్షల మందికి పైగా పెద్దపేగు, పురీషనాళ కాన్సర్లకు కొత్తగా గురయ్యారు. 9 లక్షల మందికి పైగా మరణించారు. ఈ వ్యాధి సాధారణంగా పాలిప్ అనే చిన్న కండ మొలకగా ఆరంభమవుతుంది. అది కాన్సరుగా మారడానికి దాదాపు పదేళ్ళు పట్టవచ్చు. ఆ వ్యవధిలో దానిని కనిపెట్టి, అక్కడికక్కడే తొలగించగల సాధనం కొలనోస్కోపీ. 1969లో న్యూయార్క్ నగరంలోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అనే వైద్యులు ఈ పద్ధతికి బాట వేశారు. చూడడానికి ఉపకరించే గొట్టంతోనే పాలిప్‌ను కోసి తీయవచ్చునని వారు నిరూపించారు.

షువైఖ్ దారిలో ఒంటరి స్త్రీ

కువైట్‌లోని తెలుగువారికి షువైఖ్ పేరు సుపరిచితం. ఓడరేవు, పారిశ్రామిక వాడలతో పాటు సబా వైద్యనగరం, కువైట్ కాన్సర్ నియంత్రణ కేంద్రం ఉన్నది అక్కడే. నివాస అనుమతి కోసం ప్రవాసులు ఏళ్ళ తరబడి వైద్యపరీక్షలకు వరుస కట్టిన చోటు కూడా అదే. అయితే ఆ అనుమతి కోసం తీసే రక్తం, ఎక్స్-రే ప్రధానంగా అంటువ్యాధులను వెదకడానికే ఉద్దేశించినవి. పెద్దపేగులో ఏమున్నదో అవి చెప్పవు.

రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇక్కడి ఇళ్ళలో పనిచేసే స్త్రీలు వేల సంఖ్యలో ఉన్నారు. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికి ఒక రోజు సెలవును హక్కుగా ఇచ్చింది. అటువంటి స్త్రీకి కొలనోస్కోపీ చేయాలన్నారనుకుందాం. మత్తు సూది ఇస్తే ఇంటికి తీసుకొనిపోవడానికి ఒక తోడు కావాలి. ఆ రోజు బరువైన పని, వంటింట్లో నిప్పు దగ్గరి పని చేయరాదు. తోడు ఎవరు వస్తారు? సెలవు ఎవరు ఇస్తారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేక పరీక్షనే వాయిదా వేసుకునేవారు ఉంటారు. మత్తు లేకుండా చేయించుకుంటే ఒంటరిగా వచ్చి, ఒంటరిగానే బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. అందుకే నొప్పిని తగ్గించడమన్నది ఇక్కడ కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. పరీక్ష జరుగుతుందా లేదా అన్నది కూడా దాని మీదనే ఆధారపడవచ్చు.

నొప్పి పుట్టే చోటు

పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. పాలిప్‌ను కోసినా, పరీక్షకు చిన్న ముక్క తీసినా రోగికి బాధ కలుగదు. పేగుకు ప్రధానంగా తెలిసిన బాధ సాగుదల. సుమారు 13 మిల్లీమీటర్ల మందం గల గొట్టం మలద్వారం నుండి బయలుదేరి సిగ్మాయిడ్ అనే వంకర భాగాన్ని దాటేటప్పుడు, ముందుకు సాగక ఉంగరంలా చుట్టుకుంటుంది. అప్పుడు పేగును వెనుక నుండి పట్టి ఉంచే పలుచని పొర లాగబడుతుంది. దారి విప్పుకోవడానికి లోపలికి గాలి ఊదుతారు; ఆ గాలితో పేగు ఉబ్బుతుంది. ఈ లాగుడు, ఈ ఉబ్బు కలిసినదే కొలనోస్కోపీ నొప్పి.

ఇది స్త్రీలలో ఎక్కువగా ఉండడానికి కారణం వారి సుకుమారత్వం కాదు, శరీర నిర్మాణం. లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి వైద్యులు శాండర్స్, విలియమ్స్, వారి సహచరులు 1996లో ఎక్స్-రే చిత్రాలలో పెద్దపేగు పొడవును కొలిచి చూశారు. పురుషులలో మధ్యస్థ పొడవు 145 సెంటీమీటర్లు కాగా, ఎత్తు తక్కువైనా స్త్రీలలో అది 155 సెంటీమీటర్లు ఉన్నది. అడ్డపేగు జారి కటి కుహరంలోకి దిగడం కూడా స్త్రీలలోనే చాలా ఎక్కువగా కనిపించింది. పొడవైన పేగు, గర్భాశయం కూడా ఉన్న ఇరుకు చోటు: మలుపులు పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి? సన్నని స్త్రీలకు ఈ బాధ మరింత ఎక్కువ. పేగులకు ఆనుకునే కొవ్వు దిండు వారికి తక్కువ.

తెలుగు స్త్రీల విషయంలో మరొక కారణం తోడవుతుంది. గర్భసంచి తొలగించిన తరువాత ఆ ఖాళీలోకి పేగు జారి, అతుకులు పడి, మలుపులు బిగుసుకుపోతాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. పాతికేళ్ళకో, ముప్ఫయ్యేళ్ళకో జరిగిన ఆ ఆపరేషన్‌ను ఏళ్ళు గడిచాక డాక్టరుకు చెప్పాలన్న ఆలోచన కూడా రాకపోవచ్చు. కాని గొట్టం ముందుకు పోవలసిన దారి ఆ నాడే మారిపోయింది.

గాలికి బదులు బొగ్గుపులుసు వాయువు

ఇక ఉపాయాల సంగతి. మొదటిది రసాయనశాస్త్రం అందించినది. మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజని. అది రక్తంలో అతి స్వల్పంగా కరుగుతుంది. పైగా రక్తంలో ముందే నత్రజని నిండి ఉంటుంది. అందుచేత పేగులో ఊదిన గాలి బయటికి పోయే త్రోవ లేక, పరీక్ష ముగిసి గంటలు గడిచినా పొట్టను ఉబ్బించి ఉంచుతుంది. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, శరీర ఉష్ణోగ్రత వద్ద నీటిలో నత్రజని కంటే 40 రెట్లకు పైగా కరుగుతుంది. పేగు గోడను దాటి రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా నిశ్వాసంలో వెళ్ళిపోతుంది. సోడా బుడ్డిలో ఉండే వాయువు ఇదే. నార్వే వైద్యులు 2002లో ప్రకటించిన పరిశోధనలో, గాలి ఊదినవారితో పోలిస్తే ఈ వాయువు వాడినవారికి పరీక్ష తరువాతి నొప్పి స్పష్టంగా తగ్గింది. ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవారి విషయంలో మాత్రం వైద్యులు జాగ్రత్త వహిస్తారు.

నీరు పల్లమెరుగును

రెండవ ఉపాయం ఇంకా సులభమైనది. గొట్టం లోపలికి వెళ్ళేటప్పుడు ఏ వాయువునూ ఊదకుండా గోరువెచ్చని నీటిని పంపి, మురికి నీటిని వెనక్కి పీల్చివేస్తూ ముందుకు సాగుతారు. దీనిని నీటి మార్పిడి పద్ధతి అంటారు. కాలిఫోర్నియాకు చెందిన ఫెలిక్స్ ల్యూంగ్ దీని ప్రచారానికి విశేషంగా కృషి చేశారు. వాయువు పేగును ఉబ్బించి పొడవు చేస్తుంది, మలుపులను వాడి చేస్తుంది. నీరు అట్లా కాదు. రోగి ఎడమ ప్రక్కకు పడుకున్నప్పుడు తన బరువుతో సిగ్మాయిడ్‌ను క్రిందికి దించి సాఫీ చేస్తుంది. వెచ్చదనం వలన కండరాల బిగువు సడలుతుంది.

మన స్త్రీలకు ఇది ఎంత ఉపయోగమో చైనాలోని షియాన్ నగరంలో జరిగిన ఒక అధ్యయనం సూచిస్తుంది. 2013లో ప్రచురితమైన దానిలో, లోగడ పొట్ట లేదా కటి భాగంలో ఆపరేషన్ అయిన 110 మందికి మత్తు లేకుండా పరీక్ష చేశారు. గాలి పద్ధతిలో 76.4 శాతం మందిలోనే గొట్టం పేగు చివరి దాకా చేరగా, నీటి పద్ధతిలో 92.7 శాతం మందిలో చేరింది. లోపం ఒకటే: కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మరికొన్ని సహాయాలు

పిల్లలకు వాడే సన్నని గొట్టం స్త్రీల ఇరుకు మలుపులలో సులువుగా తిరుగుతుంది. రోగిని ఎడమ ప్రక్క నుండి వెల్లకిలకు తిప్పడం, నర్సు పొట్ట మీద సరైన చోట అరచేతితో అదమడం ఉంగరం కట్టకుండా ఆపుతాయి. మన వంటింటి పుదీనాకు బంధువైన పెప్పర్‌మింట్ నూనెను నీటిలో కలిపి పేగులోకి పంపితే కండరాల ఈడ్పు తగ్గుతుందని జపాన్ వైద్యులు 2001లో ప్రకటించారు. అందులోని మెంథాల్ కండర కణాలలోకి కాల్షియం ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు ప్రాణవాయువు, నైట్రస్ ఆక్సైడ్ సమపాళ్ళలో కలిపిన వాయువును రోగి చేతికే ఇస్తాయి. నొప్పి వచ్చినప్పుడు తానే పీల్చుకోవచ్చు. కొద్ది నిమిషాలలో దాని ప్రభావం పోతుంది. పేగులో అడ్డంకి ఉన్నవారికి ఇది పనికిరాదు.

వీటన్నిటికీ ముందు కావలసినది భయం తగ్గడం. భయపడిన దేహం బిగుసుకుంటుంది, బిగుసుకున్న పేగు ఎక్కువగా నొస్తుంది. వెనుక మాత్రమే తెరచి ఉండే పైజామా, మూసిన తలుపు, వీలైతే మహిళా డాక్టరు, పక్కన ఒక నర్సు: ఇవి సిగ్గును గౌరవించే ఏర్పాట్లు. అరబ్బీ రాని స్త్రీకి 'వజా' అంటే నొప్పి అని తెలిస్తే చాలు. అంతకన్నా మేలు, చేయి ఎత్తితే ఆపాలని ముందే అనుకోవడం. ఎప్పుడైనా ఆపించగలనన్న నమ్మకం ఉన్నవారు ఎక్కువసేపు ఓర్చుకోగలరు.

అడగవలసిన ప్రశ్నలు

మత్తు వద్దనడం ఎంత హక్కో, కావాలనడమూ అంతే హక్కు. ఆరంభించాక ఓర్చుకోలేకపోతే మందు అడగడంలో సిగ్గు లేదు. తోడు లేనివారు ఆ పరిస్థితి వస్తే ఎట్లా అన్నది ముందుగా ఆసుపత్రితో మాట్లాడుకోవాలి. ఓర్చుకోవడమే ఆడతనమని నేర్పిన పెంపకం ఈ గదిలో పనికిరాదు.

పరీక్షకు వెళ్ళే స్త్రీ కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. గాలి ఊదుతారా, కార్బన్ డయాక్సైడా? నీటి పద్ధతిలో చేయగలరా? సన్నని గొట్టం ఉన్నదా? మహిళా డాక్టరు ఉన్నారా? తాను చెప్పవలసినవీ కొన్ని ఉన్నాయి: గర్భసంచి ఆపరేషన్, సిజేరియన్, ట్యూబెక్టమీ, అపెండిక్స్, ఏదైనా సరే, ఎన్నేళ్ళ క్రిందటిదైనా సరే. పేగును శుభ్రపరిచే మందు నీరు పూర్తిగా తాగడం కూడా నొప్పిని తగ్గించే ఉపాయమే. పేగు ఎంత శుభ్రంగా ఉంటే గొట్టం అంత త్వరగా సాగుతుంది.

మన సంఘాలకు కూడా ఇందులో పని ఉన్నది. అరబ్బీ, ఇంగ్లీషు రాని సోదరి తరఫున ఈ నాలుగు ప్రశ్నలు అడగగల ఒక తెలుగు మహిళ ఆ ఉదయం షువైఖ్ దాకా తోడు వెళ్ళగలిగితే, వాయిదా పడే పరీక్షలు కొన్నయినా సకాలంలో జరుగుతాయి.