చక్రాల ఇంటిలో వేణ్ణీళ్లు

పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాలు మన సంఘంలో ఇప్పుడు తక్కువేమీ కాదు. చూడవచ్చిన పెద్దలను వేసవిలో వారు ‘ఆర్.వి.’ అనే చక్రాల ఇంటిలో తిప్పి చూపిస్తారు. మోటారు వెనుక తగిలించి లాగుకొనిపోయే రకాన్ని ట్రావెల్ ట్రెయిలర్ అంటారు. పడక, వంట, స్నానము అన్నీ అందులోనే. మా అమ్మాయి, అల్లుడుగారు కొనుక్కున్న పాత ట్రెయిలర్‌లో మేమూ ఎల్లోస్టోన్ చూచి వచ్చాము.

మొదటి తెల్లవారుజామున మా ఇంటావిడ తలంటుకొంటున్నది. తల మీద నురుగు ఉండగానే వేణ్ణీళ్లు అయిపోయి చన్నీళ్లు వచ్చినవి. వేసవి అన్న మాటేగాని అక్కడి వేకువ మన ఊటీని మరపిస్తుంది. ఆమె అరవై దాటిన ఆయాసపు మనిషి. మాకు భయము వేసింది. అల్లుడుగారు నొచ్చుకొని, “అత్తయ్యగారూ, ఇంటికి వెళ్లగానే దీనిని పీకించి టాంకు లేని హీటరు పెట్టిస్తాను” అన్నారు. అది చిన్న ఖర్చు కాదు. అందుచేత ఆ రాత్రి అందరమూ కూర్చుని లెక్క చూశాము.

టాంకు హీటరు మన తాతలనాటి రాగి హండా వంటిదే. కాగినంత వరకే నీళ్లు. సాధారణముగా 6 గాలన్లు లేక 10 గాలన్లు పడుతుంది. అనగా సుమారు 23, 38 లీటర్లు. గ్యాసు మంటతో పనిచేస్తుంది. కొన్నిటికి విద్యుత్తు కడ్డీ కూడ ఉంటుంది. 6 గాలన్లు ఖాళీ అయితే తిరిగి కాగుటకు అరగంట పైన పడుతుంది. సబర్బన్ వారి టాంకు పింగాణీ పూత వేసిన ఉక్కు. ఉక్కుకు బదులు తాను అరిగిపోయే మెగ్నీషియం కడ్డీ లోపల ఉంటుంది. దానిని ఏటేటా చూచి, అరిగితే మార్చవలెను. 2014లో డొమెటిక్ వారి చేతికి వచ్చిన ఆట్‌వుడ్ రకానిది అల్యూమినియం టాంకు. దానికి ఆ కడ్డీ అక్కరలేదు గాని, ఏటేటా కడిగి మడ్డి తీయవలెను.

టాంకు లేని హీటరు, నీరు పారుతూ ఉండగానే కాచి ఇస్తుంది. అందుకు మంట పెద్దది కావలెను. టాంకు హీటరుకు 12,000 బి.టి.యు. చాలితే, గిరార్డ్ రకానికి 42,000, జర్మనీకి చెందిన ట్రూమా వారి ఆక్వాగోకు 60,000 కావలెను. నీరు ఉన్నంతసేపు వేడి ఉంటుంది.

కాని నీరు ఎంతసేపు ఉంటుంది? బండిలోని మంచినీటి తొట్టి 40 గాలన్లు అనుకొందాము. జల్లుస్నానానికి నిమిషానికి 2 గాలన్లు పోతే 20 నిమిషాలలో తొట్టి ఖాళీ. వంటకు చుక్క మిగలదు. ఎల్లోస్టోన్ వనములో బండికి కుళాయి, కరెంటు, మురుగు గొట్టము అన్నీ తగిలించుకొనే విడిది ఫిషింగ్ బ్రిడ్జి ఒక్కటే. తక్కిన చోట్ల తొట్టిలో నింపుకొన్నదే నీరు. పోనీ పొదుపుగా కుళాయి కట్టి, సబ్బు రాచుకొని, మరల తిప్పితే, టాంకు లేని హీటర్లలో పెక్కింటికి ముందుగా ఒక చల్లని ధార వస్తుంది. పొదుపరికే శిక్ష!

అంతా విని మా ఇంటావిడ, “ఏమండీ, బకెట్టూ చెంబూ ఏమైనవి?” అన్నది.

నిజమే. కాగిన 23 లీటర్లకు చన్నీళ్లు కలిపితే గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు. మరునాడు బకెట్టు కొన్నాము. ఇద్దరి స్నానము, కొంతసేపు ఆగి మరి ఇద్దరిది. నలుగురమూ వెచ్చగా స్నానము చేశాము. కొత్త హీటరు మాట అల్లుడుగారు మరల ఎత్తలేదు.

మా అభిప్రాయము ఇది: ఎప్పుడూ కుళాయి, మురుగు గొట్టము గల విడుదులలోనే దిగి, జల్లుస్నానము మానలేనివారికి టాంకు లేనిది మేలు. అడవులలో దిగేవారికి 6 గాలన్ల టాంకు చాలును. ఇంటినిండా జనముంటే 10 గాలన్లది.

ఏది పెట్టినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. టాంకు నిండకుండ విద్యుత్తు మీట వేయరాదు, కడ్డీ కాలిపోతుంది. బయటి పొగ జాలిని కప్పరాదు. గొట్టములో సాలీళ్లు, కందిరీగలు గూళ్లు పెడతవి, చూచుకొనవలెను. విషవాయువును తెలిపే గంట పనిచేస్తున్నదీ లేనిదీ బయలుదేరే ముందే చూడవలెను. చలికాలము రాకముందే నీరంతా వదలవలెను. గడ్డకడితే టాంకు పగులుతుంది. వేడి చల్లారకుండ మాత్రము మరలు విప్పరాదు.

ఈ వేసవికి పిల్లల వద్దకు వెళ్లే పెద్దలు ఊరగాయ జాడీల పక్కన ఒక చెంబు కూడ సర్దుకొనవలెనని మా మనవి.