కాలయంత్రం – భూమి కింద మనుషులు

సైన్స్ ఫిక్షన్ సినిమా అనగానే మన హాస్టల్ మిత్రులకు ఫైటింగులు, గ్రాఫిక్సే గుర్తొస్తాయి. నాకైతే ఆ కథ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఆసక్తి.

1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన ‘ఆదిత్య 369’కు ప్రేరణ, హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవల. నవలలో యంత్రం క్రీ.శ. 802701కి పోతుంది. సింగీతం గారు దాన్ని మక్కీకి మక్కీ దించలేదు. యంత్రాన్ని మాత్రం తీసుకొని, బాలకృష్ణను శ్రీకృష్ణదేవరాయల కొలువుకు పంపారు. నవలను సినిమాకు వాడుకోవడమంటే ఇదీ అని నా అభిప్రాయం.

అయితే నవలలో అసలు సంగతి వేరే ఉంది. అప్పటికి మనుషులు రెండు జాతులైపోతారు. పైన ఎండలో ఆడుకుంటూ పండ్లు తినే ఎలోయిలు, కింద చీకట్లో యంత్రాలు నడిపే మార్లాకులు. ఒకప్పటి యజమానులు, కార్మికులే ఇట్లా తయారయ్యారని యాత్రికుడి ఊహ. చీకటి పడితే మార్లాకులు పైకొచ్చి ఎలోయిలను పట్టుకుపోయి తింటారు! మన గోదావరిఖనిలో, నాన్న తలకు లైటు పెట్టుకొని నైట్ షిఫ్టుకు బాయిలోకి దిగే ఇంటి పిల్లలకు ఈ కథ మరోలా వినపడుతుంది. కింద పనిచేసేవాళ్లే రాక్షసులెందుకయ్యారు, వాళ్లను అక్కడికి తోసిందెవరు అని అడగాలనిపిస్తుంది.

2002లో వచ్చిన హాలీవుడ్ సినిమా దర్శకుడు సైమన్ వెల్స్, ఆ రచయిత మునిమనవడే. అందులో ఈ ప్రశ్న వెనక్కి పోయి, మార్లాకులు హీరో కొట్టడానికి పనికొచ్చే మృగాలయ్యారు. ఫైటింగులు బాగానే ఉన్నాయి, కాదనను.

‘ఆదిత్య 369’లో యంత్రం 2504వ సంవత్సరానికి కూడా పోతుంది. యుద్ధం వల్ల భూమి మీద రేడియేషన్ నిండిపోయి, జనం లోపలే బతుకుతుంటారు. అక్కడ పైవాళ్లంటూ ఎవరూ లేరు, అందరూ కిందనే.