రౌటర్ కొన్నవారికి సోర్స్ కోడ్ ఎందుకు ఇవ్వాలి?

ఇంట్లో ఓ మూలన లైట్లు మిణుకుమంటూ పనిచేసే వైఫై రౌటర్ నిజానికి ఓ చిన్న కంప్యూటర్. దాన్ని నడిపించడానికి లోపల సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రౌటర్లు, స్మార్ట్ టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, సీసీ కెమెరాల్లో చాలావాటికి ఆ సాఫ్ట్‌వేర్ లినక్స్. అది ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఉచితమంటే షరతులు లేవని చాలామంది అనుకుంటారు. ఆ అపోహ ఎంత దూరం తీసుకెళ్తుందో రెండు దశాబ్దాల క్రితమే ఓ రౌటర్ చూపించింది.

అమెరికా కంపెనీ లింక్‌సిస్ 2002 చివర్లో డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. 2003లో నెట్‌వర్కింగ్ దిగ్గజం సిస్కో సుమారు 50 కోట్ల డాలర్లకు లింక్‌సిస్‌ను సొంతం చేసుకుంది. అదే ఏడాది కొందరు ఔత్సాహికులు ఆ రౌటర్ ఫర్మ్‌వేర్‌ను విప్పి చూశారు. లోపల లినక్స్ కెర్నల్ కనిపించింది. లైసెన్సు ప్రకారం కొనుగోలుదారుకు అందాల్సిన సోర్స్ కోడ్ మాత్రం ఎక్కడా లేదు.

అందులోని చిప్ బ్రాడ్‌కామ్‌ది. సాఫ్ట్‌వేర్ తయారీలో తైవాన్ సరఫరాదారు పాత్ర ఉంది. సిస్కో కొన్నది అప్పటికే మార్కెట్లో ఉన్న వస్తువును. అయినా జవాబు చెప్పాల్సిన బాధ్యత పెట్టె మీద పేరున్న కంపెనీపైనే పడింది. ఒత్తిడి పెరగడంతో అదే ఏడాది కోడ్‌ను విడుదల చేయక తప్పలేదు.

షరతు ఏమిటి?

లినక్స్ కెర్నల్ 1991 నాటి జనరల్ పబ్లిక్ లైసెన్సు (జీపీఎల్) రెండో వెర్షన్ కింద వస్తుంది. దాన్ని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పరికరంలో పెట్టి లాభానికి అమ్ముకోవచ్చు. అయితే యంత్రానికి అర్థమయ్యే రూపంలో ప్రోగ్రామ్‌ను ఎవరికైనా అందిస్తే, మనిషి చదివి మార్చగలిగే సోర్స్ కోడ్‌ను కూడా అందుబాటులో ఉంచాలి. పరికరంతో పాటే ఇవ్వొచ్చు. లేదంటే, అడిగినవారికి ఇస్తామని కనీసం 3 ఏళ్లు చెల్లే లిఖిత హామీని జత చేయొచ్చు.

ఇక్కడే హార్డ్‌వేర్ వ్యాపారానికి, వెబ్‌సైట్ వ్యాపారానికి తేడా వస్తుంది. లినక్స్‌ను తన సర్వర్లలో మార్చుకుని వాడుకునే కంపెనీ దాని కాపీని ఎవరికీ ఇవ్వడం లేదు కాబట్టి ఈ షరతు దానికి వర్తించదు. పరికరం అమ్మితే మాత్రం ప్రతి పెట్టెతో పాటు ఒక కాపీ చేతులు మారినట్టే.

ఇవ్వాల్సింది పూర్తి కోడ్. కంపెనీ చేసిన మార్పులు, దాన్ని కంపైల్, ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టులు కూడా అందులో భాగమే. అలాగని కంపెనీ రహస్యాలన్నీ బయటపెట్టాలని కాదు. సర్క్యూట్ డిజైన్, లినక్స్‌పై విడిగా నడిచే సొంత అప్లికేషన్ ఈ షరతు పరిధిలోకి రావు. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ వంటి లైసెన్సులైతే కోడ్ ఇవ్వాలని అడగవు. కాపీరైట్ ప్రకటన, లైసెన్సు పాఠం జత చేస్తే ప్రధానంగా సరిపోతుంది. ఏ భాగం ఏ లైసెన్సు కిందిదో తెలియకుండా అమ్మకానికి దిగితేనే చిక్కు.

ఉల్లంఘిస్తే?

జీపీఎల్ రెండో వెర్షన్‌ను ఉల్లంఘిస్తే ఆ సాఫ్ట్‌వేర్‌ను పంపిణీ చేసే హక్కు దానంతటదే రద్దవుతుంది. ఆ తర్వాత అమ్మే ప్రతి పరికరం కాపీరైట్ ఉల్లంఘన కిందకు వస్తుంది. భారత్‌లోనూ 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనలుగానే పరిగణిస్తుంది.

ఇది కాగితాల మీద మిగిలిపోయిన హెచ్చరిక కాదు. 2004లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు, లినక్స్ డెవలపర్ హెరాల్డ్ వెల్టే వేసిన కేసులో నెట్‌వర్కింగ్ పరికరాల కంపెనీ సైట్‌కామ్‌పై నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. లింక్‌సిస్ ఉత్పత్తుల విషయంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008లో సిస్కోపై కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. లైసెన్సుల అమలు చూసేందుకు ఓ డైరెక్టర్‌ను నియమించడానికి, ఫౌండేషన్‌కు కొంత సొమ్ము ఇవ్వడానికి సిస్కో ఒప్పుకుంది.

ఇవి కోడ్ రాసినవారి తరఫున నడిచిన కేసులు. 2021లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ అనే సంస్థ టీవీల కంపెనీ విజియోపై కాలిఫోర్నియాలో వేసిన కేసు ఇంకో ప్రశ్న లేవనెత్తింది. టీవీ కొన్న వినియోగదారుగా కోడ్ అడిగే హక్కు తనకుందని ఆ సంస్థ వాదించింది. ఇది కాపీరైట్ వివాదమే అంటూ విజియో కేసును ఫెడరల్ కోర్టుకు మార్పించుకుంది. ఫెడరల్ కోర్టు దాన్ని 2022లో తిరిగి రాష్ట్ర కోర్టుకే పంపింది.

కోడ్ చేతికొచ్చినా ప్రతిసారీ పని జరగదు. కంపెనీ డిజిటల్ సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను పరికరం తిరస్కరించేలా తాళం వేయొచ్చు. టీవీ రికార్డర్ల కంపెనీ టివో ఈ పద్ధతిని వాడింది. దానికి విరుగుడుగా 2007లో వచ్చిన జీపీఎల్ మూడో వెర్షన్, గృహ వినియోగ పరికరాల్లో మార్చిన కోడ్‌ను ఎక్కించుకోవడానికి కావాల్సిన సమాచారం కూడా ఇవ్వాలంటుంది. లినక్స్ కెర్నల్ మాత్రం రెండో వెర్షన్‌లోనే ఉండిపోయింది.

మనకెందుకు?

శ్రీసిటీలో ఫోన్లు, కడప సమీపంలోని కొప్పర్తిలో సీసీ కెమెరాలు తయారవుతున్న కాలమిది. చిప్పుతో పాటు సిద్ధంగా వచ్చే సాఫ్ట్‌వేర్ తీసుకుని, పైన తమ పేరు వేసి అమ్మడం చిన్న కంపెనీలకు తేలికైన దారి. కోడ్ కావాలని కొనుగోలుదారు అడిగిన రోజున సరఫరాదారు చేతులెత్తేస్తే ఇరుక్కునేది ఈ కంపెనీయే.

అందుకే కోడ్ అడగాల్సిన సమయం ఆర్డర్ ఇవ్వడానికి ముందే. పూర్తి సోర్స్ ఇవ్వాలన్న నిబంధనను కొనుగోలు ఒప్పందంలోనే రాయించుకోవాలి. వచ్చిన కోడ్‌ను సొంత ఇంజినీర్ల చేత కంపైల్ చేయించి, పరికరం దానితో నడుస్తోందో లేదో చూడాలి. ఫర్మ్‌వేర్ మారిన ప్రతిసారీ ఆ వెర్షన్ కోడ్‌ను దాచిపెట్టాలి. లిఖిత హామీ దారి ఎంచుకుంటే దాన్ని మాన్యువల్‌లో అచ్చువేయాలి.

కొనుగోలుదారుకు దీనివల్ల ఒరిగేదేమిటో కూడా లింక్‌సిస్ కథలోనే ఉంది. బయటికొచ్చిన ఆ కోడ్ పునాదిగా 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ప్రాజెక్టు మొదలైంది. కంపెనీలు అప్‌డేట్లు ఆపేసిన ఎన్నో రౌటర్లకు అది భద్రతా సవరణలు అందించింది. 2005లో లింక్‌సిస్ ఖర్చు తగ్గించుకునేందుకు డబ్ల్యూఆర్‌టీ54జీలో మెమరీని సగానికి కోసి, లినక్స్‌ను పక్కనపెట్టింది. పాత రౌటరే కావాలనేవారు ఎక్కువవడంతో, లినక్స్‌తో నడిచే డబ్ల్యూఆర్‌టీ54జీఎల్‌ను విడిగా తెచ్చి ఏళ్ల తరబడి అమ్ముకుంది. ఇవ్వడానికి వెనకాడిన కోడే చివరికి ఆ రౌటర్‌కు గిరాకీ తెచ్చిపెట్టింది.