క్లాసుల నడుమ పరాధీనత

చిత్తూరు మామిడి గుజ్జు కర్మాగారమొకదానికి మేము లెక్కల ప్రోగ్రాము వ్రాయుచున్నామనుకొందము. ఇందలి 'క్లాసు' చదువుల తరగతి కాదు. కొంత సమాచారమును, దానిపై జరుగు పనులను ఒకచోట కూర్చిన అచ్చు. బిల్లు క్లాసు ధరల క్లాసును నేరుగా పిలిచినచో, తోతాపురి ధర కట్టు పద్ధతి మారిన నాడు బిల్లును సైతము తిరుగవ్రాయవలసి రావచ్చును.

మారగల నిర్ణయమును ఒక మాడ్యూలులో దాచవలెనని 1972లో డేవిడ్ పార్నాస్ సూచించెను. కావున 'ధర చెప్పునది' అను ఇంటర్‌ఫేసును నడుమ నిలిపి, రెండు క్లాసులును దానినే ఆశ్రయించునట్లు చేయుదుము. ధరల క్లాసు తిరిగి బిల్లును పిలువరాదు. పిలిచినచో అది చక్రమై, వానిని విడివిడిగా పరీక్షించుట కష్టము కావచ్చును. చిన్న ప్రోగ్రామునకు ఇంత ఏర్పాటు అనవసరమనియే మా అభిప్రాయము.

2016 మార్చిలో 11 పంక్తుల 'లెఫ్ట్‌ప్యాడ్'ను దాని రచయిత ఉపసంహరింపగా, వేలకొలది ప్రోగ్రాముల నిర్మాణము నిలిచిపోయెను. వానిలో పెక్కు దానిని నేరుగా పిలిచినవి కావు.